గుబులమ్మ వంటింటి తోట

అనగనగా ఒక అడవిలో, వాగుకు కాస్త ఎగువన, ఒక వెలగచెట్టు తొర్రలో ఓ ఉడుత ఉండేది. దానికి వాళ్లమ్మ పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. కానీ ఆకు కదిలినా, మబ్బు కమ్మినా గుబులు పడిపోయేది కదా, అడవంతా దాన్ని గుబులమ్మ అనే పిలిచేది.

గుబులమ్మకు ఒక్కతే కూతురు, తుర్రి. వానలు మొదలైతే చాలు, తుర్రికి దగ్గు. మామూలు దగ్గు కాదు, డొక్కలెగరేసే దగ్గు. దానికి వాము ఆకు రసం ఒక్కటే మందు. ఆ ఆకేమో వాగు ఒడ్డున దొరుకుతుంది. పోయినేడు జోరువానలో ఆకు కోసం వెళితే, గుబులమ్మను డేగ తన్నుకుపోబోయింది. తోక కొస డేగ కాళ్లకు వదిలేసి ఎలాగో ప్రాణాలతో బయటపడింది. "నాకేమన్నా అయితే నా పిల్లకు దిక్కెవరు?" అన్న బెంగ ఆ రోజు నుంచి దాన్ని వదల్లేదు.

అందుకని ఈసారి వానలకు ముందే వంటింట్లో తోట పెట్టుకుంది. మూడు వెలగ చిప్పలు తెచ్చి, ఎర్రమట్టి జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టింది. అంచుల చుట్టూ తుమ్మబంకతో గురివింద గింజలు అతికించింది. వాగు ఒడ్డు మట్టి నింపి, ఒకదాంట్లో కొత్తిమీర, ఒకదాంట్లో పుదీనా, మూడోదాంట్లో వాము ఆకు కొమ్మ వేసింది. అలికి ముగ్గేసిన గట్టు మీద, వెలుతురు పడేచోట వరసగా పెట్టింది. చూడ్డానికొచ్చిన గోరువంకలు, "పెళ్లివారిల్లులా ఉందమ్మా నీ వంటిల్లు," అన్నాయి.

వాము ఆకు చిప్పలోకి మట్టితో పాటు ఓ ముసలి వానపాము కూడా వచ్చాడు. పేరు మట్టయ్య. ఆయన తల పైకెత్తి, "అమ్మాయ్, చిప్పల అడుగున బెజ్జాలు పెట్టలేదేం?" అని అడిగాడు.

"పెడితే నీళ్లు కారవూ? ముగ్గంతా చెరిగిపోతుంది బాబాయ్," అంది గుబులమ్మ.

పొద్దున్నే నీళ్లు పోసింది. గాలి వేడిగా వీచిందని మళ్లీ పోసింది. తుర్రి తుమ్మిందని మళ్లీ పోసింది. తుమ్ముకూ నీళ్లకూ ఏమిటి సంబంధం అంటారా? గుబులు పట్టినవాళ్లకు సంబంధాలు అక్కర్లేదు పిల్లలూ, చేతికి ఏదో ఒక పని కావాలి, అంతే.

కొత్తిమీర పసుపు తిరిగి వాలిపోయింది. "అయ్యో, దాహమేసినట్టుంది," అని పుదీనాకు రెట్టింపు పోసింది. పుదీనా కాడలు నల్లబడి కుళ్లాయి. ఇక వాము ఆకు ఒక్కటే మిగిలింది. గుబులమ్మ దానికి ఇంకా ఎక్కువ పోసింది.

"ఊపిరాడటం లేదమ్మాయ్," అన్నాడు మట్టయ్య. గుబులమ్మ వింటేగా.

అంతలో వాన దిగింది. దాని వెనకే దగ్గూ వచ్చింది. గుబులమ్మ తుర్రికి బూరుగు దూది వరస మీద వరస చుట్టింది. చలిగాలి రాకుండా తొర్ర నోట్లో ఎండుటాకులు కుక్కింది. ఇల్లంతా మసక కమ్మింది. వాము ఆకు తల వేలాడేసింది. గుబులమ్మ మళ్లీ నీళ్ల దొప్ప ఎత్తింది.

మట్టయ్య ఈడ్చుకుంటూ చిప్ప అంచు మీదికి వచ్చాడు. "నేను పోతున్నానమ్మాయ్. ఇక్కడే ఉంటే చచ్చిపోతాను. ఈ మొక్కదీ నా బాధే. పాపం, అది లేచి పోలేదు."

గుబులమ్మ చెయ్యి ఆగిపోయింది. బయట వాన, డేగ. వెనక కూతురి దగ్గు. ఎదురుగా చావబోతున్న ఒక్క మొక్క. ఇదీ పోతే?

దొప్ప కింద పెట్టి, చిప్ప అడుగును పళ్లతో కొరికింది. చిప్ప పగులిచ్చింది. గురివింద గింజలు రాలి దొర్లిపోయాయి. కంపు కొట్టే నల్లనీళ్లు బుడబుడా కారి ముగ్గంతా కొట్టుకుపోయింది. మొక్క వేళ్లు చూస్తే కుళ్లిపోయి ఉన్నాయి. చివర చిన్న కొమ్మ మాత్రం పచ్చగా ఉంది.

"కుళ్లిందంతా తీసెయ్. ఆ కొమ్మ మళ్లీ గుచ్చు. ఇక దాని మానాన దాన్ని వదిలెయ్," అన్నాడు మట్టయ్య.

కొమ్మకున్న కింది ఆకులు తుంచి, రసం తీసి, తేనెలో కలిపి కూతురికి పట్టింది. కొమ్మను చిప్పలో గుచ్చింది. ఇక చూడాలి గుబులమ్మ అవస్థ. మూడుసార్లు చెయ్యి దొప్ప మీదికి పోయింది. మూడుసార్లూ వెనక్కి తీసుకుంది.

దగ్గు కాస్త తగ్గింది గానీ పోలేదు. దూది లోపలి నుంచి తుర్రి సన్నగా అంది, "అమ్మా, నాకూ ఊపిరాడటం లేదే."

గుబులమ్మ గబగబా దూది ఊడదీసింది. తొర్ర నోట్లో ఆకులు కొన్ని లాగేసింది. తడి వెలుతురు లోపలికొచ్చింది. తుర్రి మెల్లగా పాక్కుంటూ పోయి, పగిలిన చిప్ప పక్కన కూర్చుని గుండెనిండా గాలి పీల్చుకుంది. తర్వాత ఒక్కసారి దగ్గింది. గుబులమ్మ చెయ్యి దూది మీదికి పోబోయి ఆగింది.

వానలు వెనకబట్టేసరికి ఆ పగిలిన చిప్పలోనే వాము ఆకు గుబురుగా ఎదిగింది. మట్టయ్య ఎక్కడికీ పోలేదు, దాని మొదట్లోనే ఉండిపోయాడు. ఒకరోజు తుర్రి మొదటిసారి ఒంటరిగా కొమ్మ చివరిదాకా వెళ్లింది. గుబులమ్మ తొర్రలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కూతుర్ని వెనక్కి పిలవకుండా ఉండడానికి నానా తంటాలు పడింది. అయినా పిలవలేదు.

నీతి: ఎంత ప్రేమ ఉన్నా, ఎదిగే ప్రాణానికి ఊపిరాడే చోటు వదలాలి.