పిండిమర తాళానికి తలంటు

అనగనగా, కొత్త పిండి వాసన వీధి చివరిదాకా వచ్చే ఒక ఊళ్ళో, ఓబుళమ్మ అని ఒకావిడ. ఆవిడకో పిండిమర. దాని తలుపుకి పెద్ద ఇనుప తాళంకప్ప. వాళ్ళ నాన్న కొలిమిలో కూర్చుని తన చేత్తో చేసినది. నాన్న పోయాక ఆయన గుర్తుగా ఆవిడకి మిగిలింది అదే.

ఓబుళమ్మ ప్రతి శనివారం తలంటు పోసుకునేది. తను పోసుకుని ఊరుకుంటుందా? తాళానికీ ఆముదం పట్టించేది. "పాపం, బిగుసుకుపోతోంది" అని పోసేది. అది ఇంకా బిగుసుకునేది. ఈవిడ ఇంకా పోసేది. నవ్వకు, ఊఁ కొట్టు!

ఒక పొద్దున తాళంచెవి సగందాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల గంపలో మూడు పిల్లికూనలు, ఇంకా కళ్ళు తెరవనివి. వాటి తల్లి చుక్కి ముందురోజు బయటికొస్తే, చూసుకోకుండా ఓబుళమ్మ తాళం వేసేసింది. కిటికీకేమో ఎలుకలు రాకుండా జాలీ. చుక్కి గడప గోకుతోంది. లోపల కూనలు పాలకి ఏడుస్తున్నాయి.

అప్పుడు జొన్నలు తెచ్చిన తాత "కొబ్బరినూనె పొయ్యవే" అన్నాడు. పోసింది. చెవి పావువంతే వెళ్ళింది.

ఆ తర్వాత రాగులు తెచ్చిన కోడలుపిల్ల "మా ఇంటి నెయ్యి అత్తా, కమ్మగా ఉంటుంది" అంది. పోసింది. చెవి మొన కూడా దూరలేదు. చీమలు మాత్రం దూరాయి.

ఆ తర్వాత దర్జీ కుట్టుమిషను నూనె తెచ్చాడు. అదీ పోసింది. కన్నంలోంచి తెల్లటి ముద్ద బయటికొచ్చింది.

లోపల ఒక గొంతు ఆగిపోయింది.

ఓబుళమ్మ సుత్తి అందుకుంది. నాన్న చేసిన తాళం! అయినా ఎత్తింది.

"ఆగు తల్లీ!" అంటూ సైకిలు దిగాడు, తాళాలు బాగుచేసే దస్తగిరి. ముద్దని వేలితో తీసి వాసన చూశాడు. "ఇది తాళమా, బూరెల మూకుడా? పిండి ఎగిరేచోట నూనె పోస్తే ఏమవుతుంది ఓబుళమ్మా?"

"ముద్దవుతుంది అన్నా" అంది ఆవిడ. అని, తన మాటకి తనే సిగ్గుపడింది.

దస్తగిరి కిరసనాయిలు పోసి లోపలి జిడ్డంతా కడిగాడు. గుడ్డ పేలికతో తుడిచాడు, ఆరేదాకా ఊదాడు. అప్పుడు పెన్సిలు ముల్లు గీకి, ఆ నల్లపొడి చెవికి అద్దాడు.

"తడి లేకుండా జారుతుందా అన్నా?"

"జారుతుంది. పైగా దుమ్ముని పిలిచి కూర్చోబెట్టుకోదు."

ఒకసారి తిప్పాడు, కదల్లేదు. రెండోసారి కిర్రుమంది. మూడోసారి టక్!

చుక్కి అందరి కాళ్ళ మధ్యనుంచి దూసుకెళ్ళింది. కదలని కూనని నాకింది, నాకింది, ఇంకా నాకింది. అది "కీచ్" మంది.

'ప్రేమగా పోస్తే చాలనుకున్నాను. దానికేది పడుతుందో ఒక్కసారీ చూడలేదే' అనుకుంది ఓబుళమ్మ.

తర్వాత మర స్విచ్చు మీద చెయ్యివేసి, మళ్ళీ తీసేసింది. ఆ మోతకి పసివి బెదురుతాయి కదా! అందరూ గింజలు తెచ్చిన డబ్బాల మీదే కూర్చున్నారు. ఎప్పుడూ తొందరపెట్టే జొన్నల తాతే, నోటిమీద వేలేసుకుని "ష్‌ష్" అన్నాడు.

పాలు కూనలకి,
పిండి డబ్బాలకి,
కథేమో కంచికి,
నువ్వేమో దుప్పట్లోకి!