నొప్పి లేకపోతే మార్కులెలా వేస్తారు?

పోలినాయుడి ఇంట్లో అందరికీ తెలివి ఎక్కువని పోలినాయుడే చెబుతాడు. ఇంకెవరూ చెప్పరు కనక ఆ పనీ ఆయనే చూసుకుంటాడు. "ఒకలు సెప్పిన మాట మనం అచ్చరం తప్పం!" అని మీసం దువ్వుతాడు.

ఆయన తమ్ముడు గౌరునాయుడికి ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి వచ్చింది. పెద్దాసుపత్రిలో కోసి కుట్లేశారు. ఆ వార్డుకి నలభై మంచాలు, ఒక్కతే నర్సు, సుగుణ సిస్టర్. "సెలైన్ సీసా చూస్తూ ఉండండి" అని చెప్పి ఆమె ఇంకో మంచానికి పరుగెత్తింది. ఇంకేముంది! పోలినాయుడూ, మరదలు పైడమ్మా రెప్ప వాల్చకుండా చూశారు. సీసా ఖాళీ అయింది. గొట్టంలోకి నెత్తురు ఎక్కింది. అదీ చూశారు.

సిస్టర్ గుండెలు బాదుకుంటూ వచ్చి సరిచేసింది. "అయిపోతే చెప్పాలి కదా నాయుడుగారూ!"

"అలాగేనమ్మా." రెండో సీసా అయిపోగానే పోలినాయుడు తమ్ముడికి చెప్పాడు. పక్క మంచాలకి చెప్పాడు. గేటు దాకా వెళ్ళి వాచ్‌మన్‌కి కూడా చెప్పొచ్చాడు. ఎవరికి చెప్పాలో సిస్టర్ అనలేదు మరి. అంతే, ఆమెకి తప్ప ఆసుపత్రి మొత్తానికి తెలిసింది.

అయినా ఆ తల్లి విసుక్కోలేదు. అన్నం డబ్బా మూత తియ్యకుండానే పొద్దుగూకే దాకా తిరిగేది. పోలినాయుడికి ఆమె మీద జాలి ముంచుకొచ్చింది.

నాలుగోనాడు ఆమె ఒక కాగితం తెచ్చింది. "నర్సు ఎలా చూసిందో ప్రశ్నకి అయిదు మార్కుల లెక్కన వెయ్యాలట. మార్కులు తగ్గితే నన్ను తీసేస్తారు బాబూ. ఉన్నది ఉన్నట్టు రాయండి చాలు."

"సూడందే సుక్క సిరా పెట్టం తల్లీ!"

మొదటి ప్రశ్న: పిలవగానే వచ్చిందా?

"మనం ఎప్పుడు పిలిసినాం బావగారూ? ఆమే వచ్చీసేది" అంది పైడమ్మ.

అంతే, ఇద్దరూ గొంతెత్తి "సిస్టరమ్మో!" అని అరిచారు. ఆమె పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది?"

"ఏటీ నేదు, ఎల్లండి." ఒక రాకకి ఒక మార్కు. అయిదు మార్కులకి అయిదుసార్లు అరిచారు. వార్డు ఆ చివర ఒక ముసలాయన సగం కట్టిన కట్టుతో అలాగే కూర్చుండిపోయాడు.

రెండో ప్రశ్న: నొప్పి తగ్గించిందా?

"తమ్ముడా, నొప్పుందా?"

"నేదన్నా, హాయిగుంది."

"కొంప ముంచీసినావురా! నొప్పి నేకపోతే మార్కులెలా ఏస్తాం? ఆ తల్లి ఉద్యోగం పోదా?" ఇంకేముంది! కుట్ల మీద మోచెయ్యి ఆనించి ఒక్క నొక్కు నొక్కాడు. "ఓలమ్మో!" రెండు కుట్లు ఊడాయి. సిస్టర్ వచ్చింది, సూది వేసింది, డాక్టర్ని పిలిచి మళ్ళీ కుట్టించింది. గౌరునాయుడు మూలుగుతుంటే పోలినాయుడు సంబరంగా అయిదు వేశాడు.

అప్పుడే సూపరింటెండెంటు గారు వచ్చారు. మంచం చూడలేదు, కాగితం చూశారు. "భేష్! ఒక్క నర్సుతోనే ఇంత తృప్తా! అయితే ఇంకో ఇరవై మంచాలు వేయించండి" అని వెళ్ళిపోయారు. ఆ మాట విని సుగుణ సిస్టర్ నేల మీదే కూలబడింది.

"మార్కులు సాల్లేదేమో, పాపం!" అని పోలినాయుడు నొచ్చుకున్నాడు. కాగితంలో ఆఖరి ప్రశ్న మిగిలే ఉంది: మీ వాళ్ళని ఈ వార్డుకి పంపుతారా? పంపకుండా పంపుతామని రాస్తే అబద్ధం కాదూ! ఊరికి ఫోన్ చేశాడు.

తెల్లారేసరికి ట్రాక్టరు నిండా బంధువులు, చాపలతో చెంబులతో దిగారు. లెక్కగా ఇరవై మంది. సిస్టర్ హడలిపోయి ఎదురొచ్చింది. "ఎవరికేమైంది?"

"ఎవలికీ ఏటీ నేదు తల్లీ" అన్నాడు పోలినాయుడు. బంధువులంతా వరసగా, రాత్రికి రాత్రే వేసిన కొత్త మంచాలెక్కి, చొక్కాలెత్తి పొట్టలు చూపించారు. "నీ ఉద్యోగం మా పూచీ. తలా నాలుగు కుట్లు ఏసీయ్!"