తెల్లదారి మీద గాలి

దారియోకి ప్రార్థన కుదరడం లేదు.

మఠంలో చేరి రెండేళ్ళు కావస్తోంది. అందరికంటే ముందు లేచేవాడు, అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ళ మీద ఉండేవాడు. పిడికిళ్ళు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకుని దేవుణ్ణి పిలిచేవాడు. మోకాళ్ళు కాయలు కాశాయే తప్ప పిలుపుకి పలుకు లేదు.

అంతకుముందు అతను సైకిల్ పందేల్లో పేరు మోసినవాడు. గెలిచి గెలిచి, ఒకనాడు ఆ గెలుపుల మీదే విరక్తి పుట్టి, ఇటలీలో టస్కనీ కొండల నడుమ ఉన్న ఈ మఠానికి వచ్చేశాడు. తెచ్చుకున్నదల్లా ఒక సైకిలు. దానికి కాస్త లావు టైర్లు వేయించుకుని, కింద ఊళ్ళోకి సరుకులకి వెళ్ళొస్తుండేవాడు.

సన్యాసం పుచ్చుకునే రోజు దగ్గర పడింది. ఆ రోజున దేవుడి ఎదుట జీవితాంతానికీ మాట ఇవ్వాలి. దారియోకి నిద్ర పట్టడం మానేసింది. ఒక ఉదయం కొత్తవాళ్ళకి గురువైన ఫాదర్ ఆన్సెల్మో దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన వంటింటి అరుగు మీద కూర్చుని, మఠం తోటలో ఆడించిన ఆలివ్ నూనెని సీసాలోకి వంచుకుంటున్నాడు.

"ఫాదర్, నేను వెళ్ళిపోతాను."

ఆయన తలెత్తలేదు. నూనె ధార తెగుతుందేమోనని చూసుకుంటున్నాడు.

"ఆయన ఉన్నాడని మీరంతా అంటారు. నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. నా చేతనైనంతా చేశాను. ఇంతకంటే గట్టిగా పిలవడం నా వల్ల కాదు. తెలియనివాడికి మాట ఎలా ఇవ్వను?"

ఫాదర్ సీసాకి బిరడా బిగించాడు.

"వెళ్దువుగానిలే నాయనా. అవతలి కొండ మీద గుడిలో దీపానికి నూనె అయిపోయి ఉంటుంది. తోడొస్తావా? నీ సైకిలు తెచ్చుకో."

పోయేముందు పెద్దాయన అడిగిన చిన్న పని. దారియో కాదనలేకపోయాడు. పందేలనాటి అలవాటు కొద్దీ టైర్లకి రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టుకుని బయలుదేరాడు.

"తారు రోడ్డున పోతే ఇట్టే చేరిపోతాం ఫాదర్," అన్నాడు మలుపు దగ్గర.

"ఆ రోడ్డు మీద కార్లు," అంటూ ముసలాయన తన పాత సైకిల్ని కంకరదారిలోకి తిప్పాడు.

ఆ కొండల్లో అలాంటి దారులు చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఎడ్లబండ్లు తిరిగినవి. తారు ఎరగవు. సుద్దరాయి కంకర పరిచి ఉండటంతో వాటిని అందరూ తెల్లదారులంటారు. కోతలప్పుడు ట్రాక్టర్లు తిరిగితే తిరుగుతాయి, మిగతా రోజుల్లో మనిషి అలికిడి ఉండదు. ఆ ఉదయం లోయనిండా పొగమంచు కమ్ముకుని ఉంది. దారి కొంతదూరం కనబడి, ఆ తెల్లదనంలో కలిసిపోతోంది.

దారియో గురువుని వెనక వదిలేసి ముందుకు దూసుకుపోయాడు. గట్టి టైర్లు ప్రతి రాయి మీదా ఎగిరెగిరి పడుతున్నాయి. హ్యాండిలు చేతుల్లో వణుకుతోంది. చెవుల్లో కంకర గలగల తప్ప మరో చప్పుడు లేదు. చూపు ముందు చక్రం మీంచి కదిలితే ఎక్కడ పడతాడో అని తల ఎత్తడం లేదు.

ఎక్కుడు మొదలైంది. దారియో లేచి నిలబడి తొక్కాడు. వెనక చక్రం పట్టు దొరక్క గిర్రున తిరిగింది. కింద పడ్డాడు. లేచి, ఇంకా బలంగా తొక్కాడు. మళ్ళీ పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. మూడోసారి పడ్డాక లేవకుండా ఆ తెల్లటి దుమ్ములోనే కూర్చుండిపోయాడు. దేశమంతా చప్పట్లు కొట్టిన కాళ్ళు, ఈపాటి మిట్టని ఎక్కలేకపోయాయి.

అంగీ నడుముకి దోపుకుని ఫాదర్ ఆన్సెల్మో నెమ్మదిగా వచ్చాడు. దెబ్బ తగిలిందా అని కూడా అడగలేదు. దారియో సైకిలు పక్కన గొంతుక్కూర్చుని, వెనక చక్రానికి గాలి కొట్టే చోట మూత తిప్పి, గోటితో నొక్కాడు. గాలి బుస్సుమని పోసాగింది.

"ఫాదర్! ఏం చేస్తున్నారు?"

"ఎక్కువుంది."

"గాలి తీసేస్తే వేగం పోతుంది ఫాదర్!"

"పోనీ."

ముందు చక్రానికీ అంతే చేశాడు. పండిందో లేదో చూడటానికి అంజూరపండుని నొక్కినట్టు, టైర్ని బొటనవేలితో నొక్కి చూశాడు. కొద్దిగా లొంగింది. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడెక్కు."

దారియో ఎక్కాడు. చక్రం రాయిని తన్నలేదు. రాయి మీద ఒదిగి, దాన్ని పట్టుకుని, దాటింది. మరో రాయి. మరొకటి. హ్యాండిలు వణుకు ఆగిపోయింది. బిగుసుకున్న వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. గలగల సద్దుమణిగి, మెత్తటి గరగర మిగిలింది. దాని వెనక నుంచి వేరే చప్పుళ్ళు ఒక్కొక్కటిగా వినబడసాగాయి. గొలుసు తిరిగే చప్పుడు. తన ఊపిరి. ఎంతో ఎత్తున, కంటికి ఆనని పిట్ట ఒకటి ఆపకుండా పాడుతున్న పాట.

అప్పుడు తల ఎత్తాడు.

తను మంచుని దాటి పైకి వచ్చేశాడు. కింద లోయంతా పాలు పోసినట్టుంది. అందులోంచి కొండలు, కొండల వెనక కొండలు, చూపు ఆగేదాకా కొండలు. వాటి ఒంటినిండా పచ్చటి గోధుమ. ఒక్కో గట్టు మీద నిటారుగా నిలబడ్డ సైప్రస్ చెట్లు. వాటన్నిటి మీదుగా, ఎవరో తీరిగ్గా పరిచి వదిలేసినట్టు, ఆ తెల్లదారి వంపులు తిరుగుతూ పోతోంది. ఎక్కడా కారు లేదు. మనిషి లేడు.

అన్నిటికంటే దూరాన ఉన్న కొండ మీద గోధుమ చేను వంగింది. గాలి. ఆ వంపు కొండ దిగి, మంచులో మునిగి, ఇవతలి కొండ మీద తేలింది. చేలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తలలు వంచుతున్నాయి. గాలి రావడాన్ని దారియో జీవితంలో మొదటిసారి కళ్ళారా చూశాడు. అది తనవైపే వస్తోంది. ఎప్పుడు దిగాడో తెలియకుండానే సైకిలు దిగాడు. దారి పక్క చేను వంగింది. మరుక్షణం అది అతని ముఖాన్ని తాకింది.

మోకాళ్ళ మీదికి వాలిపోయాడు. ఏ మాటా నోటికి రాలేదు. కళ్ళు మూసుకోవాలని కూడా అనిపించలేదు. చెంపలు తడిసిపోతున్నాయని చాలాసేపటికి గానీ తెలియలేదు.

ఫాదర్ ఆన్సెల్మో వచ్చి కాస్త ఎడంగా నిలబడ్డాడు. శిష్యుడి వైపు చూడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పిట్ట పాడి పాడి అలసి కిందికి దిగేదాకా ఇద్దరూ కదల్లేదు.

తర్వాత గుడికి వెళ్ళి దీపంలో నూనె పోశారు.

తిరిగి వస్తుంటే, తెల్లదారి తారు రోడ్డుని దాటే చోట ముసలాయన సైకిలు ఆపాడు.

"రైలు స్టేషనుకి ఇటు పోవాలి నాయనా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలటం లేదు. దారి చూపించాడంతే.

దారియో ఆ రోడ్డు వంక చూశాడు. రెండు కార్లు రివ్వున పోయాయి. అవి వెళ్ళేదాకా ఆగి, రోడ్డు దాటి, అవతల మఠం వైపు పోయే తెల్లదారిలో ఆగాడు. ఫాదర్ కూడా దాటి వచ్చాడు.

"ఫాదర్," అన్నాడు దారియో. "ఇదంతా మన గుమ్మం ముందే ఉంది. నేను గోడకి మొహం పెట్టి అరుస్తుంటే మీరు చూస్తూనే ఉన్నారు. అటు వెళ్ళి చూడరా అని ఒక్కమాట చెప్పి ఉండకూడదా?"

ముసలాయన పెడలు మీద కాలు పెట్టి నవ్వాడు.

"చెప్తే నువ్వు వినేది నా మాటే అయ్యేది."