పగులు పెంకుల గంప

డెబ్బై ఒకటో సంవత్సరం ఆషాఢంలో, ముసురు పట్టి విడవని రోజుల్లో ఇది జరిగింది. పెంకుల ఫ్యాక్టరీ యజమాని కొప్పిశెట్టి వీరభద్రం గారు సాయంత్రాలు, ఊళ్ళో ధర్మసందేహాలు తీర్చే మా ఆచార్లు గారి అరుగు మీదకు వచ్చేవారు. చెడ్డవారు కారు. ఏ సంగతీ ఒక పట్టాన తేల్చుకోలేని మనిషి. ఆ సాయంత్రం ఆయన అడిగారు:

“గురువుగారూ, పగిలిన పెంకు ఖరీదు కూలిలో కోసుకుంటే పాపమా? లేబరు ఇన్‌స్పెక్టరు చట్టం ఒప్పదంటాడు. మేస్త్రి ఇది తాతలనాటి మామూలంటాడు. కూలీలు ఒప్పుకునే పనిలో చేరారు. నాకేమీ తోచడం లేదు.”

ఆ మామూలు ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఆడవాళ్ళు బట్టీలోంచి పెంకులు గంపలకెత్తి తెస్తారు. మేస్త్రి ఒక్కొక్కటీ వేలి కణుపుతో తట్టి చూస్తాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే పగులు. నిప్పుకు పగిలినా, చేతిలో పగిలినా, ఎవరి గంపలో వస్తే వాళ్ళ కూలిలో కోత.

ఆచార్లు గారు జవాబు చెప్పేలోగా మేస్త్రి వానలో తడుస్తూ, బట్టీలో గంపలు మోసే నూకాలును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నెత్తిన గంప, గంపలో పగులు పెంకులు.

“గేటు దాటిస్తుంటే పట్టుకున్నానండి. దొంగ!”

“దొంగతనం ఏటండీ బాబూ?” నూకాలు గంప దించింది. “వీటి ఖరీదు కూలిలో కోసుకున్నారు కదండీ. కొనుక్కున్న సరుకు మోసుకుపోతన్నాను. ఇల్లు కురుస్తంది. లోపల నా కూతురు పచ్చి బాలింత.”

“చూశారా లాయరమ్మ నోరు!” అన్నాడు మేస్త్రి.

“అది కొనడం కాదే, జరిమానా,” అన్నారు వీరభద్రం గారు.

“జరిమానా తప్పు చేసినోళ్ళకండీ. నిప్పు చేసిన తప్పుకి నాకేటి?”

ఆచార్లు గారు అప్పుడు నోరు విప్పారు. “ఈ పగులు పెంకులు నువ్వేం చేస్తావు, వీరభద్రం?”

“రోడ్డు కంట్రాక్టరుకు అమ్ముతానండి.”

“ఎవరివని చెప్పి?”

వీరభద్రం గారు పెంకుల వంక చూశారు, మేస్త్రి వంక చూశారు. చివరికి దారి దొరికినట్టు, “సరే, పట్టుకుపో. దానమిచ్చాననుకో,” అన్నారు.

“దానమైతే వద్దండి. నావైతే పట్టుకెళ్తాను.”

 వాన పడుతూనే ఉంది. నూకాలు నెత్తి మీది గుడ్డ చుట్ట సర్దుకుని గంప ముందు కూర్చుంది. నిండు గంప ఒక్కరి వల్ల నెత్తికెక్కదు. ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. మేస్త్రి ముఖం తిప్పుకున్నాడు. ఆచార్లు గారు అరుగు దిగి, బురదలో నిలబడి, గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టారు. ఆమె వెళ్ళిపోయింది.

వారం తర్వాత వీరభద్రం గారు మళ్ళీ వచ్చారు. ముఖంలో అదే తికమక.

“దొంగ అనలేకపోయాను. కొన్నావనీ అనలేకపోయాను. ఆమెను పనిలోకి రానిస్తే రేపు అందరూ గంపలు పట్టుకెళ్తారని మేస్త్రి అన్నాడు, సరే మానిపించమన్నాను. ఇంతకీ ఆ కోత పాపమా కాదా, మీరు చెప్పనేలేదు.”



“నిన్న నూకాలు ఇంటికి వెళ్ళొచ్చాను,” అన్నారు ఆచార్లు గారు. “ఇల్లు కురవడం లేదు. పొయ్యి వెలగడం లేదు.”