గూడా, బోనా?

పేరమ్మ పెరట్లో పెత్తనమంతా పిల్లిదే. పాలగిన్నె దానిదే, పొయ్యి పక్కన వెచ్చటి చోటూ దానిదే. అంతలో పేరమ్మ బూరె అనే కుక్కపిల్లను తెచ్చింది. వాడు పడుకోవడానికి జాలీ తలుపున్న చెక్కపెట్టె, అందులో మెత్తటి బొంత కూడా పెట్టింది. పిల్లికి కడుపు మండిపోయింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది బోనురా!" అంది. "ఎలకని పట్టేదీ బోనే, కోర్టులో దొంగని నిలబెట్టేదీ బోనే. లోపల పెట్టగానే గొల్లుమని ఏడు. అడగందే అమ్మైనా పెట్టదు."

బూరె ఏడ్చాడు. పేరమ్మ పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది. ఇదేదో బాగుందని వాడు రోజూ అదే పాట ఎత్తుకున్నాడు, చెక్కలు కూడా కొరికాడు. ఆవిడకు విసుగెత్తి, కోపం వచ్చినప్పుడల్లా మెడ పట్టుకుని లోపలికి తోసేది. వాడు ఇంకా ఏడ్చేవాడు.

"ఇక నావల్ల కాదు. సంతలో ఎవరికైనా ఇచ్చేస్తా" అందావిడ.

బూరె తోక ముడుచుకుని పెరటి మూలకి పోయాడు. పేరమ్మను వదిలి ఎక్కడికి పోతాడు?

గంప కింద సర్దుకుంటున్న ముసలి కోడి పిలిచింది. "ఇలా రారా పిచ్చి సన్నాసీ. రోజూ ఈ గంపలోనే పడుకుంటాను. ఎప్పుడైనా ఏడ్చానా?"

"నీకు భయం లేదా మామ్మా?"

"నూకలు చల్లి పిలిస్తే భయమెందుకురా? మీ అమ్మగారికి ఆ కిటుకు తెలీదు పాపం, నువ్వే నేర్పాలి. తలుపు తీసున్నప్పుడు నీ అంతట నువ్వే వెళ్ళి పడుకో. వేస్తే నోరు మూసుకో."

బూరె అలాగే చేశాడు. పేరమ్మ మురిసిపోయి లోపల ఎండుచేప ముక్క వేసింది. కాసేపు తలుపు వేసి చూసింది. వాడు కిక్కురుమనలేదు, తీసింది. "ఏడుస్తుంటే తీయకూడదు, ఊరుకున్నాకే తీయాలి. నేనే నేర్పాను" అని పక్కింటివాళ్ళకు గొప్పలు కూడా చెప్పుకుంది. కోడి విననట్టు నూకలు ఏరుకుంది.

ఎండుచేప వాసన పిల్లిని నిలవనివ్వలేదు. బూరె బయట ఆడుకుంటుంటే చటుక్కున పెట్టెలో దూరింది. పెట్టె మీద కూర్చున్న కోడి తలుపు మీదికి దూకింది. తలుపు దబ్బున మూసుకుని గడియ పడింది.

"అయ్యో, కాలు జారిందే!" అంది కోడి.

పిల్లి గొల్లుమంది. పేరమ్మ వచ్చి చూసి, పీట వేసుకుని తీరిగ్గా కూర్చుంది. "నువ్వూ నేర్చుకోవాలే. ఊరుకో, తీస్తాను."

"అత్తా, నోరు మూసుకుంటే చాలు" అన్నాడు బూరె పిల్లితో జాలిగా.

"నేనా? నోరు మూసుకోవడమా? మ్యావ్!"

సాయంత్రందాకా పిల్లి నోరు మూయలేదు, పేరమ్మ గడియ తీయలేదు.

పిలిచి పెడితే గూడు, మెడపట్టి తోస్తే బోను. పక్కవాడికి ఏడుపు నేర్పినవాళ్ళకు మాత్రం గూడైనా బోనే.