చిట్టియ్య వాటాకొచ్చిన చంద్రుడు

మా లంకలో తెలివైనవాళ్ళెవరని అడిగితే పోలయ్య, ముత్యాలు, చిట్టియ్య, అన్నదమ్ములు ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. ఎవరూ అడక్కపోయినా ఎత్తుతారు. పోలయ్య పెళ్ళాం బంగారమ్మ మాత్రం వాళ్ళకన్నా తెలివైనదట. ఆ మాట చెప్పింది కూడా వాళ్ళే కాబట్టి మనం నమ్మాల్సిందే.

తండ్రి పోయాక పంపకాలకి కూర్చున్నారు. ఉన్నవి రెండు చేలు. కాలవగట్టు చేను పోలయ్యకి, రేవు చేను ముత్యాలుకి. చిన్నవాడు చిట్టియ్యకి ఏమీ మిగల్లేదు. తమ్ముడు కూలికి పోవాల్సొస్తుందని అన్నలిద్దరికీ అన్నం సహించలేదు.

బంగారమ్మ బడి మాష్టారి దగ్గరికి వెళ్ళింది. "ఎవరిదీ కాని భూమి ఎక్కడైనా ఉందాండీ?"

"చంద్రుడి మీద ఉందమ్మా. అది ఏ దేశానికీ చెందదని ఒప్పందం రాసుకున్నారు" అని మాష్టారు నవ్వారు. అక్కడ ఏదైనా ఇక్కడి బరువులో ఆరోవంతే తూగుతుందనీ, వదిలేస్తే నెమ్మదిగా కిందికి దిగుతుందనీ కూడా చెప్పారు.

అంతే. బంగారమ్మ ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "ఏ దేశానికీ చెందదన్నారు. మన చిట్టియ్య దేశం కాదు కదా!"

"ఆయ్, కానే కాను వదినా" అన్నాడు చిట్టియ్య.

"మరి అక్కడికి వెళ్ళడమెలాగ?" అన్నాడు ముత్యాలు.

"వెళ్ళడమెందుకురా? పున్నమికి మన కాలవగట్టు చేలో ఆయనే దిగుతాడుగా" అన్నాడు పోలయ్య.

మా వైపు భూమి స్వాధీనం చేసుకుంటే హద్దురాళ్ళు పాతి, అక్కడే అన్నం తినాలి. అక్కడ అన్నం కూడా ఆరోవంతే తూగుతుంది కనక మామూలుగా వండితే కడుపు నిండదని బంగారమ్మ ఇంట్లో బియ్యమంతా వండేసింది. పున్నమినాడు పొద్దుగూకేసరికి, నీళ్ళు పెట్టిన చేలో చంద్రుడు గుండ్రంగా కనబడ్డాడు. ముగ్గురూ రొప్పుతూ పెద్ద రాయి మోసుకెళ్ళారు. చంద్రుడి దగ్గరికి రాగానే, ఇక తేలికేనని అన్నలిద్దరూ చేతులు వదిలేశారు. ఇంకేముంది, రాయి చిట్టియ్య కాలి మీద పడింది.

"నెమ్మదిగా దిగుతుందన్నారుగా" అన్నాడు చిట్టియ్య కుంటుతూ.

"రాయి తప్పేం లేదురా. నీ కాలు చంద్రుడికి ఇవతల ఉంది" అన్నాడు పోలయ్య.

కాలు కడుక్కుని వచ్చేసరికి చంద్రుడు జరిగి, గట్టు అవతల ధర్మాజీ చేలో ఉన్నాడు. ధర్మాజీ అప్పుడే తన చేలోకి నీళ్ళొచ్చే మడవ చూసుకోవడానికి వచ్చాడు.

"మా తమ్ముడి భూమి నీ చేలోకొచ్చింది" అన్నాడు ముత్యాలు.

"వస్తే పట్టుకుపోండయ్యా, నాకెందుకు?" అన్నాడు ధర్మాజీ.

ఇంకేముంది, నీళ్ళతోపాటు చంద్రుడూ వచ్చేస్తాడని గట్టు తెంచారు. ధర్మాజీ చేను పల్లం. వీళ్ళ నీళ్ళన్నీ అటే పోయాయి. వీళ్ళకి బురద మిగిలింది, చంద్రుడు అక్కడే ఉన్నాడు.

మర్నాటినుంచి చంద్రుడు తరగడం మొదలెట్టాడు. "ధర్మాజీ రోజూ చంద్రుడి గట్టు ఇంత చెక్కుకుంటున్నాడు" అంది బంగారమ్మ. అమావాస్యకి సెంటు కూడా మిగల్లేదు. చిట్టియ్య వెక్కివెక్కి ఏడ్చాడు. తమ్ముడికి లేని భూమి మాకు మాత్రం ఎందుకని అన్నలిద్దరూ వెళ్ళి, "మా రెండు చేలూ కూడా నువ్వే చెక్కేసుకో" అన్నారు ధర్మాజీతో.

ధర్మాజీకి కోపం రాలేదు, జాలేసింది. "ఆ రెండు చేలూ కలిపి మూడు వాటాలు వేసుకోలేరా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

అన్నలిద్దరూ పరిగెత్తుకెళ్ళి తమ్ముడికి ఆ మాట చెప్పారు. నిజమే! ఇన్నాళ్ళూ తట్టలేదు. తెగిన గట్టు పూడ్చి, కాలవ నీళ్ళు పెట్టి, చక్కగా మూడు వాటాలు వేశారు. చిట్టియ్య తన వాటా మట్టి కళ్ళకద్దుకున్నాడు. బంగారమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే చేలో సన్నటి నెలవంక కనబడింది.

చిట్టియ్య మొహం మాడిపోయింది. "అన్నయ్యా, నా భూమి తిరిగొచ్చేసింది. ఇప్పుడు నాకు రెండు, మీకు ఒక్కొక్కటి. తోడబుట్టినవాళ్ళకి అన్యాయం చెయ్యలేను" అని తన వాటా అన్నలకి తిరిగిచ్చేశాడు.

తమ్ముడి మంచితనానికి పోలయ్య పొంగిపోయాడు. వెంటనే ఓ చిన్న హద్దురాయి తెచ్చి తమ్ముడి చేతుల్లో పెట్టాడు. "ఈసారి కాలు చంద్రుడి మీదే పెట్టు నాయనా" అన్నాడు.

నెలవంక మరీ సన్నగా ఉంది. ఎంత సర్దుకున్నా బొటనవేలు ఒక్కటే పట్టింది. అది చాల్లే అనుకుని చిట్టియ్య రాయి వదిలేశాడు.