నీటి వసతి గల బొరియ

అనగనగా ఒక అడవిలో, వాగుకి కాస్త ఎగువన, ఒళ్ళంతా పెంకులుండి, చీమలు తిని బతికే ఒక అలుగు ఉండేది. దాని పేరు పెంకమ్మ. గోళ్ళరిగేలా తవ్వి తవ్వి మూడు బొరియలు చేసుకుంది. మెరక మీద ఉన్నదాంట్లో తనుండేది. రెండోది ఉడుముకి అద్దెకిచ్చింది. అద్దె అంటే వారానికో దొన్నెడు చీమగుడ్లు, అంతే.

మూడోది పల్లంలో ఉంది. గట్టి వాన పడితే లోపలికి నీళ్ళొస్తాయి. పక్కనుంచి ఒక కాలవ తీస్తే సరిపోయేదే. బద్ధకం! వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంది. ఈ సంగతి పెంకమ్మకి తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు, ఇంకెవరికీ తెలీదు.

ఆ బొరియకి టులెట్ బోర్డు పెట్టాలని వడ్రంగిపిట్ట పొన్నయ్యని పిలిచింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ రారని పొన్నయ్య చెప్పాడు. చెట్టు మీద టకటకా చెక్కేశాడు. "బొరియ అద్దెకు ఇవ్వబడును. గాలి, వెలుతురు, నీటి వసతి కలదు."

అందులో అబద్ధమేం లేదు చూశారా? నీళ్ళు నిజంగానే వస్తాయి మరి. నవ్వకండి, వినండి.

ముందు కుందేలొచ్చి చెమ్మ వాసనేస్తోందని వెళ్ళిపోయింది. తర్వాత ఏదుపంది వచ్చి గుమ్మం ఇరుకంది. మూడోసారి ముత్యాలు అనే ముంగిస వచ్చింది. పాపం, నిండు చూలాలు. ఉంటున్న పుట్ట కూలిపోయి నాలుగు రోజులుగా ఇల్లు వెతుక్కుంటోంది. బొరియంతా చూసి, ఆయాసపడుతూ పెంకమ్మ పక్కన చతికిలబడింది.

"పిన్నీ, ఒక్క మాట అడుగుతాను. నాకిది తొలి కాన్పు. పసిగుడ్లతో మళ్ళీ ఇల్లు మారలేను. వానకి ఇబ్బందేం ఉండదు కదా?"

పెంకమ్మ లోలోపల లెక్కేసుకుంది. చెప్తే ఇదీ వెళ్ళిపోతుంది.

"అన్నీ బోర్డు మీద రాయించాను కదమ్మా," అంది.

ముత్యాలు నమ్మింది. ఆ పూటే గుమ్మానికి ఆకులు కట్టి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది.

వారం తిరక్కుండా ముగ్గురు పిల్లలు పుట్టారు. ఇంకా కళ్ళయినా తెరవలేదు. ఒకరోజు పొద్దున్నే ముత్యాలు తిండి వెతుక్కోవడానికి వెళ్ళింది. అప్పుడు పట్టుకుంది వాన, కుండపోతగా.

తన బొరియలో వెచ్చగా పడుకున్న పెంకమ్మకి పల్లంలోని పిల్లలు గుర్తొచ్చారు. పడుతూ లేస్తూ పరుగెత్తింది. అప్పటికే నీళ్ళు గుమ్మం దాటాయి. ఒక్కో పిల్లనీ బోసినోటితో మెల్లగా పట్టుకుని, మూడుసార్లు దిగి పైకి తెచ్చింది. చిట్టచివరిది చల్లబడిపోయింది. దాన్ని పెంకుల్లేని తన పొట్టకి అదుముకుని కూర్చుంది. ఎంతకీ ఆ పిల్ల కదల్లేదు. ఎప్పటికో సన్నగా కుయ్యిమంది.

ముత్యాలు తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంది.

"నీళ్ళొస్తాయని నాకు ముందే తెలుసు తల్లీ," అంది పెంకమ్మ. "చెప్తే నువ్వు వెళ్ళిపోతావని చెప్పలేదు. తప్పు నాదే."

ముత్యాలు పిల్లల్ని దగ్గరికి లాక్కుని అటు తిరిగి కూర్చుంది. పెంకమ్మ తన బొరియే వాళ్ళకి ఇచ్చేసి, ఆ వానలోనే పల్లంలోకి దిగి కాలవ తవ్వడం మొదలుపెట్టింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. ముత్యాలు చూస్తూనే ఉంది గానీ మాట్లాడలేదు. మాట్లాడదు మరి, కన్నకడుపు!

నాలుగో రోజుకి ముత్యాలు ఆకలికి తట్టుకోలేకపోయింది. తిండికి వెళ్ళాలి. పిల్లల్ని ఎవరికి అప్పగించాలి? చాలాసేపు గుమ్మంలో నిలబడింది. ఆఖరికి ఆ చిట్టచివరి పిల్లని తెచ్చి, బురదలో ఉన్న పెంకమ్మకి అందించింది.

"పట్టుకో పిన్నీ. మిగతా ఇద్దరూ లోపల నిద్రపోతున్నారు. నేను తొందరగా వచ్చేస్తాను."

పెంకమ్మకి ఏడుపు ఆగలేదు. చేతులు కడుక్కుని పిల్లని అందుకుంది.

నీతి: ఇంటి గొప్ప ఎంతమందికైనా చాటుకోవచ్చు, ఇంటి లోపం మాత్రం, నమ్మి వచ్చినవాళ్ళు గడప దాటకముందే చెప్పాలి.